అప్‌డేట్ చాలా... ఫోనే మార్చాలా?

వేసవి వస్తే నెల్లూరు తీరానికి రెండు నెలల సెలవు. ఏప్రిల్ 15న పడవలు ఒడ్డెక్కితే మళ్లీ జూన్ 14 దాటాకే నీళ్లలోకి దిగేది. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి వేట నిషేధం. మైపాడు నుంచి తూపిలిపాలెం దాకా ఏ పట్టపుపాలెం చూసినా ఇసుకలో వరసగా పడవలు, పాకల నీడన వలలు బాగుచేసుకునే పెద్దవాళ్లు, వాళ్ల పక్కనే సెల్‌ఫోన్లలో తలలు దూర్చిన కుర్రాళ్లు. తమాషా ఏమిటంటే, సరిగ్గా ఆ రెండు నెలల్లోనే అమెరికాలో మరో సందడి మొదలవుతుంది. మామూలుగా మేలో గూగుల్, జూన్‌లో యాపిల్ తమ ఏటేటా జరిపే సమావేశాల్లో 'మీ ఫోన్లలోకి రాబోయేవి ఇవీ' అని ప్రకటిస్తాయి. వాళ్లు చెప్పేదాకా ఎవరాగుతారు? నెల ముందు నుంచే యూట్యూబు నిండా జోస్యాలు. బ్యాటరీ రెండు రోజులొస్తుందట, ఫోను మనతో తెలుగులో కబుర్లు చెబుతుందట, పాత ఫోను కొత్తదానిలా పరుగెడుతుందట!

ఆ 'అట'లన్నీ వినేవాళ్లు తీరం వెంబడి కూడా బోలెడుమంది. కాకపోతే అక్కడివాళ్లు అడిగే ప్రశ్న వేరు, ఇక్కడివాళ్లు అడిగేది వేరు. కాలిఫోర్నియాలో 'ఏమొస్తుంది?' అంటారు. కృష్ణపట్నంలో 'మన ఫోనుకొస్తుందా అబ్బయా?' అంటారు. నిజానికి రెండోదే సరైన ప్రశ్న.

ఎందుకంటే అప్‌డేట్లలో రెండు రకాలున్నాయి. ఒకటి, చేతిలో ఉన్న ఫోనులోకి ఉచితంగా దిగిపోయేది. రెండోది, పేరుకి అప్‌డేటే గానీ లోపల తగిన చిప్పు ఉంటే తప్ప పనిచేయనిది. పాత పడవకి రంగేయడం వేరు, ఇంజిన్ మార్చడం వేరు కదా! జోస్యాలు చెప్పేవాళ్లు ఈ తేడా ఒక్కటి మాత్రం చెప్పరు. అది తెలియకే అవసరం లేకపోయినా కొత్త ఫోను కొనేవాళ్లు కొందరు, ఇక రాని దానికోసం ఎదురుచూసేవాళ్లు కొందరు, 'అప్‌డేట్' అని ఎవరో పంపింది నొక్కి ఖాతా ఖాళీ చేసుకునేవాళ్లు ఇంకొందరు.

జోస్యాలన్నీ ఉత్తవేం కాదు

రాబోయే సాఫ్ట్‌వేరు గురించి ముందే బయటికి పొక్కడంలో మాయామంత్రం ఏమీ లేదు. కొత్త వెర్షన్‌ని అందరికీ ఇచ్చే ముందు కంపెనీలు 'బీటా' పేరుతో కొన్ని నెలలపాటు కొద్దిమందికి ఇచ్చి పరీక్షిస్తాయి. అందులో ఇంకా తెరపైకి రాని సదుపాయాల ఆనవాళ్లు కూడా ఉంటాయి. వాటిని తవ్వి తీయడమే పనిగా పెట్టుకున్నవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. అందుకే కొన్ని ఊహలు అచ్చు గుద్దినట్లు నిజమవుతాయి. ఐఫోన్ సాఫ్ట్‌వేరు 18 తరవాత 19 కాకుండా ఏకంగా 26 అవుతుందని 2025 మేలో వార్త వచ్చినప్పుడు చాలామంది నమ్మలేదు. జూన్ 9న యాపిల్ అదే ప్రకటించింది. రాబోయే ఏడాది అంకె పెట్టారన్నమాట. ఆండ్రాయిడ్ 16 విషయంలో అంకె మారలేదు గానీ నెల మారింది. అంతకుముందు వెర్షన్లు ఎక్కువగా ఆగస్టు నుంచి అక్టోబరు మధ్యలో వచ్చేవి. 16 మాత్రం 2025 జూన్ 10కే దిగిపోయింది.

ఒకప్పుడు పేర్ల మీద కూడా పందేలు నడిచేవి. ఆండ్రాయిడ్ వెర్షన్లకి ఇంగ్లిషు అక్షరక్రమంలో మిఠాయిల పేర్లు పెట్టేవారు. 2015లో 'ఎం' వంతు వచ్చింది, మార్ష్‌మాలో అన్నారు. నెల్లూరు మలై కాజా కూడా ఆ అక్షరంతోనే మొదలవుతుందని వాళ్లకెవరూ చెప్పినట్లు లేదు! 2019లో వచ్చిన పదో వెర్షన్ నుంచి ఆ తీపి పేర్లు బయటికి చెప్పడం మానేశారు. ఉత్త అంకెలే.

అయితే వార్త నిజమైనంత మాత్రాన అది మన ఫోనుకి వస్తుందని కాదు. 2024లో యాపిల్ తన కృత్రిమమేధ సదుపాయాల్ని తెచ్చినప్పుడు ఫోన్లలో వాటిని ఐఫోన్ 15 ప్రో, ఆ పై మోడళ్లకే ఇచ్చింది. ముందటేడు సెప్టెంబరులో విడుదలైన మామూలు ఐఫోన్ 15కే అవి అందలేదు. చిప్పు, మెమరీ చాలవన్నది కారణం. అప్పుడు ముచ్చటపడి కొనుక్కున్నవాళ్లకి ఏడాదికల్లా ఆ సంగతి తెలిసొచ్చింది.

ఒక్క అక్షరం... అన్ని ఫోన్లు!

మొదటి రకం, అంటే ఉచితంగా దిగే అప్‌డేట్ ఎంత పని చేస్తుందో చెప్పడానికి మన అక్షరం కంటే మంచి ఉదాహరణ దొరకదు. 2018 ఫిబ్రవరిలో ప్రపంచంలో ఐఫోన్ వాడేవాళ్లందరికీ ఒక తెలుగు అక్షరం పరిచయమైంది. అది 'జ్ఞా'. జకారం కింద ఞ వత్తు, దానికి దీర్ఘం, మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు. ఇవన్నీ ఒక వరసలో చేరి మెసేజీలోనో ట్వీటులోనో వస్తే చాలు, అప్పటి ఐఫోన్లలో ఆ యాప్ కుప్పకూలిపోయేది. తెరిస్తే మళ్లీ కూలేది. నోటిఫికేషన్ రూపంలో వస్తే ఏకంగా ఫోనే మొరాయించేది. కొంటె కుర్రాళ్లు ట్విటర్‌లో తమ పేర్ల పక్కన ఆ అక్షరం తగిలించుకుని ప్రపంచాన్ని ఆటపట్టించారు.

తప్పు అక్షరానిది కాదు. మన లిపిలో హల్లు, వత్తు, గుణింతం ఒకదానిమీద ఒకటి పేరుస్తాం. ఇంగ్లిషులో అక్షరాలు పక్కపక్కన నిలబడితే చాలు. మన దగ్గర ఏది ఎక్కడ కూర్చోవాలో కంప్యూటరు ప్రతిసారీ లెక్కగట్టుకోవాలి. ఆ లెక్కలో ఒకచోట ఐఫోన్ సాఫ్ట్‌వేరు తడబడింది. ఫిబ్రవరి 19న యాపిల్ 11.2.6 అప్‌డేట్ విడుదల చేసింది. అది వేసుకున్నవాళ్లకి సమస్య తీరింది. ఎవరూ దుకాణానికి వెళ్లలేదు, చిప్పు మార్చలేదు, పైసా ఖర్చు లేదు. వేసుకోనివాళ్ల ఫోనులో మాత్రం 'జ్ఞాపకం' అనే మాటే భయపెట్టేదిగా మిగిలింది.

'అప్‌డేట్ అడిగితే తర్వాత అని నొక్కేస్తాం' అనేవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. వాళ్ల భయానికీ కారణముంది. కొన్ని కంపెనీల ఫోన్లలో అప్‌డేట్ వేసుకున్న వెంటనే తెర మీద నిలువునా ఆకుపచ్చ గీత పడిందని ఆమధ్య దేశమంతా గగ్గోలు పుట్టింది. కంప్యూటర్లలో అయితే 2024 జులై 19 సంగతి మరిచిపోయేది కాదు. క్రౌడ్‌స్ట్రయిక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక్క తప్పుడు అప్‌డేట్‌తో సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలిరంగు తెర వేసుకుని కూర్చున్నాయి. హైదరాబాద్‌లో విమానమెక్కే ప్రయాణికుడికి చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాసు ఫొటో ప్రపంచమంతా తిరిగింది. అలాగని అప్‌డేట్లే వద్దనుకుంటే, దొంగల భయంతో తలుపులు తీసిపెట్టి పడుకున్నట్లే. నెలనెలా వచ్చే భద్రతా అప్‌డేట్లలో కొత్త హంగులేవీ ఉండవు. అప్పటికే దొంగలు కనిపెట్టిన కన్నాల్ని పూడ్చడమే వాటి పని. జోస్యాల్లో వాటి ఊసే ఉండదు గానీ, నిజానికి ఫోనుకి కావాల్సింది ముందు అవే. రెండు మూడు రోజులాగి, మిగతావాళ్లకి ఇబ్బందేమీ రాలేదని చూసుకుని వేసుకోవడం తెలివైన పద్ధతి.

శ్రీసిటీ ఫోను వయసు

తీరం వెంట దక్షిణానికి పోతే తడ దగ్గర శ్రీసిటీ. ఫాక్స్‌కాన్ సంస్థ 2015లో ఇక్కడే షియోమీ ఫోన్ల తయారీ మొదలుపెట్టింది. తొలి ఫోను రెడ్‌మీ 2 ప్రైమ్‌ని ఆ ఏడాది ఆగస్టు 10న విశాఖపట్నంలో అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు సమక్షంలో విడుదల చేశారు. ధర 6,999 రూపాయలు. అందులో ఉన్నది ఆండ్రాయిడ్ 4.4, కిట్‌క్యాట్. 2025 జనవరి 1 నుంచి ఆ వెర్షన్ మీద వాట్సాప్ పనిచేయడం మానేసింది. అంటే కిట్‌క్యాట్ దగ్గరే ఆగిపోయిన ఫోను ఏదైనా, తెర పగలకపోయినా, బ్యాటరీ ఉబ్బకపోయినా, ఆ రోజుతో సగం మూగబోయింది.

పట్నంలో ఉన్నవాళ్లకి ఇది చిన్న విషయం. ఇందుకూరుపేటలోనో, విడవలూరులోనో రొయ్యల గుంట ఉన్న రైతుకి కాదు. 30 కౌంట్ ఎంత, 100 కౌంట్ ఎంత అన్న ధర పొద్దున్నే వచ్చేది వాట్సాప్‌లోనే. మేత దుకాణం లెక్కలు అందులోనే. నీళ్ల రంగు మారితే ఫొటో తీసి టెక్నీషియన్‌కి పంపేదీ అందులోనే. రొయ్య మునిగిపోతుంటే ఫోనుకి వయసైపోయిందని ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

అందుకే ఫోను కొనేటప్పుడు కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లని అడిగే ముందు 'దీనికి ఎన్నేళ్లు అప్‌డేట్లిస్తారు?' అని అడగాలి. నెల్లూరు ట్రంకురోడ్డు దుకాణాల్లో ఈ ప్రశ్న వేస్తే కుర్రాళ్లు కాస్త తడుముకోవచ్చు. అయినా అడగాల్సిందే. గూగుల్ 2023 అక్టోబరులో పిక్సెల్ 8కి, శామ్‌సంగ్ 2024 జనవరిలో గెలాక్సీ ఎస్24కి ఏడేళ్లని మాటిచ్చాయి. అవి ఖరీదైనవి, నిజమే. కానీ 2024లోనే 20 వేల లోపు ధరలో మొదలైన గెలాక్సీ ఏ16 5జీకి ఆరేళ్లన్నారు. అదే ధరలో రెండేళ్లు, మూడేళ్లతో సరిపెట్టే ఫోన్లూ ఉన్నాయి. ఆరేళ్లొచ్చే ఫోను వెయ్యి రూపాయలు ఎక్కువైనా చవకే.

కంప్యూటరుదీ ఇదే కథ. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో మామూలు భద్రతా అప్‌డేట్లు ఆపేసింది. ఇళ్లలో వాడేవాళ్లకి కావాలంటే మరో ఏడాది, 2026 అక్టోబరు 13 దాకా పొడిగింపు ఇచ్చింది. విండోస్ 11కి మారదామంటే లోపల టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి, ప్రాసెసర్ కూడా సుమారు 2018 తరవాతి తరానిదై ఉండాలి. చక్కగా పనిచేస్తున్న కంప్యూటర్లు ఎన్నో ఆ గడప దగ్గరే ఆగిపోయాయి. ఈ విషయంలో శుభలేఖలు ముద్రించే డీటీపీ దుకాణాల లోకమే వేరు. అక్కడ పాత విండోస్, పాత పేజ్‌మేకర్, అను ఫాంట్లు! ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8నే అప్‌డేట్లు ఆగిపోయాయని వాళ్లకీ తెలుసు. ఆ ఫాంట్లు కొత్త కంప్యూటర్లో తిన్నగా కుదరవని అంతకంటే బాగా తెలుసు. అలాంటి యంత్రాన్ని ఇంటర్నెట్‌కి తగిలించకుండా వాడుకున్నంతకాలం గొడవలేదు. దాంట్లోనే బ్యాంకు పనులు చేస్తేనే ప్రమాదం.

పుకారు మీద వల

'కొత్త అప్‌డేట్ వస్తుందట' అన్న మాట పదిమంది నోళ్లలో నానుతున్నప్పుడు దొంగకి పని సులువు. 'గులాబీ రంగు వాట్సాప్ వచ్చింది, ఈ లింకుతో మార్చుకోండి' అని 2021లో, మళ్లీ 2023లో ఫోన్లలో తిరిగింది ఇలాంటిదే. నొక్కినవాళ్లకి గులాబీ రంగు రాలేదు, ఫోను దొంగ చేతికి పోయింది. తరవాత వేషం మారింది. పీఎం కిసాన్ అని, బ్యాంకు రివార్డు పాయింట్లని, ఆర్టీవో చలానా అని, ఆఖరికి పెళ్లి శుభలేఖ అని కూడా వాట్సాప్‌లో ఒక ఫైలు వస్తుంది. పేరు చివర 'ఏపీకే' అని ఉంటుంది. అది ఉత్తరం కాదు, ఫొటో కాదు, ఒక యాప్. వేసుకోగానే మెసేజీలు చదవడానికి అనుమతి అడుగుతుంది. 'సరే' అన్నామా, బ్యాంకు నుంచి వచ్చే ఓటీపీలన్నీ మనకంటే ముందు వాళ్లకి చేరతాయి. అది తెలిసినవాళ్ల నంబరు నుంచే వస్తుంది, ఎందుకంటే అంతకుముందు మోసపోయింది వాళ్లే!

గుర్తుపట్టడం కష్టం కాదు. ఫోను అప్‌డేట్ ఎప్పుడూ ఫోను సెటింగ్స్‌లోంచే వస్తుంది. యాప్ అప్‌డేట్ ప్లేస్టోర్ నుంచి వస్తుంది. వాట్సాప్ మెసేజీలో, ఎస్సెమ్మెస్ లింకులో ఏ అప్‌డేటూ రాదు. సెటింగ్స్‌లో 'అబౌట్ ఫోన్' తెరిచి ఆండ్రాయిడ్ వెర్షన్ దగ్గర చూస్తే భద్రతా అప్‌డేట్ తేదీ ఉంటుంది. అది ఏడాది దాటిందంటే ఆ ఫోనులో బ్యాంకు యాప్ ఉంచుకోవడం గురించి ఆలోచించాలి. ఒకవేళ డబ్బు పోతే 1930కి ఫోను చేయడానికి గంటలు కాదు, నిమిషాలు లెక్క. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి దాటకముందే ఆపగలిగితేనే వెనక్కి వచ్చే ఆశ.

రాబోయే మార్పుల్లో జోస్యం కాకుండా ప్రకటనగా వచ్చి, మన ఇళ్లకి నేరుగా పనికొచ్చేది ఇక్కడే ఒకటుంది. ప్లేస్టోర్ బయట దొరికే యాప్‌లైనా సరే, తయారుచేసినవాళ్లు తామెవరో ముందుగా నిరూపించుకోవాలని గూగుల్ 2025 ఆగస్టులో ప్రకటించింది. లేకపోతే ఆండ్రాయిడ్ ఫోన్లు వాటిని మామూలు దారిలో వేసుకోనివ్వవు. బ్రెజిల్, ఇండొనేషియా, సింగపూర్, థాయిలాండ్‌లలో 2026 సెప్టెంబరు నుంచి, మిగతా దేశాల్లో 2027 నుంచి అమలు చేస్తామన్నది ఆ ప్రకటన. సొంతంగా యాప్‌లు తయారుచేసుకునే స్వేచ్ఛ పోతుందని అభ్యంతరాలు వచ్చాక, అన్నీ తెలిసినవాళ్లకి వేరే దారి ఉంచుతామని కూడా చెప్పింది. ఆ స్వేచ్ఛ విలువైనదే. కానీ పెళ్లి శుభలేఖ నొక్కి పెన్షన్ డబ్బు పోగొట్టుకున్న ఇంట్లో ఆ వాదన వినిపించడం కష్టం.

పేరులోనే నావికుడు

ఇక ఈ తీరానికి మాత్రమే ప్రత్యేకమైన అప్‌డేట్ ఒకటుంది. అది ఇంటర్నెట్‌లోంచి రాదు. పులికాట్ సరస్సు అవతల నుంచి, నిప్పులు కక్కుతూ ఆకాశంలోకి వెళ్లి, అక్కణ్నుంచి ఫోనులోకి దిగాలి. శ్రీహరికోట 2022లో తిరుపతి జిల్లాలోకి వెళ్లినా, ఆ చప్పుడు నెల్లూరువాళ్లకి ఇప్పటికీ సొంతమే.

అమెరికా జీపీఎస్‌లాగా మనకీ సొంత దిక్సూచి ఉండాలని ఇస్రో 2013 జులై 1న తొలి ఉపగ్రహాన్ని పంపింది. 2016 ఏప్రిల్ 28న ఏడోది వెళ్లినప్పుడు ప్రధాని మోదీ ఈ ఏర్పాటుకి 'నావిక్' అని పేరుపెట్టారు. సముద్రం మీదికి వెళ్లేవాళ్ల పేరే అది. మన దేశమూ, సరిహద్దుల చుట్టూ 1,500 కిలోమీటర్ల దూరమూ దాని పరిధి. అప్పట్నుంచీ ఏటా ఒకటే ఊహ: 'రాబోయే అప్‌డేట్‌తో అన్ని ఫోన్లలోకీ నావిక్ వచ్చేస్తుందట!'

రాలేదు. కారణం సాఫ్ట్‌వేరులో లేదు. ఉపగ్రహం పాడే పాట ఏ స్థాయిలో ఉందో ఫోను చెవి ఆ స్థాయిలో వినాలి. మామూలు ఫోన్ల చెవి జీపీఎస్ వాడే ఎల్1 అనే పౌనఃపున్యానికి అలవాటుపడింది. నావిక్ తొలి ఉపగ్రహాలు ఎల్5, ఎస్ అనే వేరే రెండింటిలో మాట్లాడేవి. వాటిని వినాలంటే చిప్పు వేరే ఉండాలి. 2020 జనవరిలో క్వాల్‌కామ్ అలాంటి చిప్పుల్ని ప్రకటించాక ఆ ఏడాదే కొన్ని రెడ్‌మీ, రియల్‌మీ ఫోన్లలోకి నావిక్ చేరింది. 2023 సెప్టెంబరులో ఐఫోన్ 15 ప్రో కూడా ఆ జాబితాలో చేరింది. ఇస్రో కూడా ఓ మెట్టు దిగివచ్చింది. 2023 మే 29న పంపిన ఎన్‌వీఎస్-01లో ఫోన్లకి అలవాటైన ఎల్1నీ పెట్టింది. మన దేశంలోనే తయారైన రుబీడియం అణు గడియారం తొలిసారి ఎగిరిందీ అందులోనే. గడియారమెందుకంటే, దూరం లెక్కగట్టేది కాలంతోనే. సెకనులో కోటో వంతు తేడా వస్తే పడవ ఉన్నచోటు 30 మీటర్లు అటూ ఇటూ అవుతుంది.

ఆ గడియారాలే నావిక్‌ని ఏడిపించాయి. విదేశాల నుంచి తెచ్చి పెట్టిన తొలి గడియారాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. 2017 ఆగస్టులో ఒక ఉపగ్రహం ఉష్ణకవచం ఊడక అందులోనే చిక్కుకుపోయింది. 2025 జనవరి 29న శ్రీహరికోట తన నూరో ప్రయోగంగా ఎన్‌వీఎస్-02ని ఘనంగా పంపితే, రాకెట్ తన పని తాను చేసింది గానీ ఉపగ్రహం అనుకున్న కక్ష్యకి చేరలేకపోయింది. పంపిన పదకొండింటిలో నాలుగే స్థానం చెప్పే సేవలు అందిస్తున్నాయని 2025 జులైలో ప్రభుత్వం పార్లమెంటుకి తెలిపింది. ఎక్కడున్నామో తెలియాలంటే కనీసం నాలుగు ఉపగ్రహాలు కనబడాలి. అంటే అప్పటికి ఉన్నది అటూ ఇటూగా సరిపోయేంత! ఆ ఏడాది చివరికల్లా ఎన్‌వీఎస్-03 వెళుతుందన్నారు. ఏడాది ముగిసింది, అది వెళ్లలేదు.

కాబట్టి 'నావిక్ ఉంది' అన్న ఒక్క మాట చూసి ఫోను మార్చాల్సిన పనిలేదు. జీపీఎస్ ఉంది, రష్యా గ్లోనాస్, యూరప్ గెలీలియో కూడా చాలా ఫోన్లు అందుకుంటాయి. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. స్థానం తెలుసుకోవడానికి సిమ్ము, సిగ్నల్, డేటా ఏవీ అక్కర్లేదు. మ్యాపుని ముందే ఫోనులోకి దించుకుంటే నడిసముద్రంలో కూడా తీరం ఎటుందో చూపిస్తుంది. ఉన్న ఫోను నావిక్‌ని అందుకుంటుందో లేదో తెలుసుకోవాలన్న సరదా ఉంటే ప్లేస్టోర్‌లో 'జీపీఎస్‌టెస్ట్' లాంటి ఉచిత యాప్ వేసి ఆరుబయట నిలబడండి. ఉపగ్రహాల వరసలో మన జెండా కనిపిస్తే అందుకుంటున్నట్లే.

మాట చేరని దూరం

అసలు కొరత స్థానం కాదు, మాట. టవర్ సిగ్నల్ ఒడ్డు నుంచి 10, 12 కిలోమీటర్లు దాటితే అందదు. వేట అంతకంటే చాలా దూరం. ఫోనుకి తెలిసేది 'నువ్వెక్కడున్నావు' అన్నదే. 'తుపాను తిరిగింది, వెనక్కి రా' అన్న మాట దానికి చేరదు. 2017 చివర్లో ఓఖీ తుపాను కేరళ, తమిళనాడు మత్స్యకారుల్ని నడిసముద్రంలో ముంచేసినప్పుడు దేశానికి ఈ లోటు తెలిసొచ్చింది. 2023లో కేంద్రం దేశమంతా పరీక్షించిన హెచ్చరికలు, అంటే ఫోను ఉన్నట్టుండి పెద్దగా మోగి తెరనిండా సందేశం చూపించే ఏర్పాటు, చక్కటిది. అది సాఫ్ట్‌వేరు రకం. సెటింగ్స్‌లో అత్యవసర హెచ్చరికలు ఆపేసుకోకుంటే చాలు. ఆ ఏడాది డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ లాంటి తుపాను వస్తే ఒడ్డున ఉన్నవాళ్లకి ఎంతో ఉపయోగం. కానీ అదీ టవర్ ఉన్నంత మేరే.

టవర్ దాటాక ఏం చేయాలన్నదానికి హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ 2019 అక్టోబరులో 'జెమిని' అనే చిన్న పరికరం తెచ్చింది. పడవలో పెట్టుకుంటే ఉపగ్రహం నుంచి హెచ్చరికల్ని అందుకుని, బ్లూటూత్‌తో మామూలు ఫోనులోకి పంపుతుంది. తెలుగులోనూ చదువుకోవచ్చు. అయితే వినడమే తప్ప తిరిగి చెప్పడం లేదు. ఆ తరవాత ఇస్రో రెండువైపులా సందేశాలు నడిచే ట్రాన్స్‌పాండర్‌ని రూపొందించింది. 13 తీర రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో లక్ష పడవలకి వాటిని బిగించే పథకాన్ని 2024 ఆగస్టు 30న మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ప్రధాని ప్రారంభించారు. ఇక్కడ కొత్త ఫోను అక్కర్లేదు, పడవకే ఒక పెట్టె చాలు. తీరం మీద ఏ యూట్యూబ్ జోస్యంకన్నా ఎక్కువగా వాకబు చేయాల్సిన 'అప్‌డేట్' ఇదే. తమ పడవకి వచ్చిందో లేదో మత్స్యశాఖ కార్యాలయంలో అడగొచ్చు.

ఇంకో ప్రయత్నం మొత్తం లెక్కనే తిరగేసింది. ఉపగ్రహాన్ని వినడానికి ఫోను చెవి మార్చడం కాదు, ఫోను గుసగుసల్ని వినేలా ఉపగ్రహం చెవినే పెంచితే? 2025 డిసెంబరు 24న ఎల్‌వీఎం3 రాకెట్ శ్రీహరికోట నుంచి మోసుకెళ్లిన బ్లూబర్డ్ అలాంటిదే. అమెరికాకి చెందిన ఏఎస్‌టీ స్పేస్‌మొబైల్ సంస్థది. బరువు సుమారు 6,100 కిలోలు. మన గడ్డ మీద నుంచి ఆ రాకెట్ ఎత్తిన వాటిలో అంతకు మించిన బరువు లేదు. కక్ష్యలోకి వెళ్లాక పరుచుకునే దాని యాంటెన్నా వైశాల్యం దాదాపు 223 చదరపు మీటర్లు. అంటే అయిదున్నర సెంట్ల ఇంటి స్థలమంత! మామూలు స్మార్ట్‌ఫోను మధ్యలో ఏ పెట్టె లేకుండా నేరుగా దాంతో మాట్లాడాలన్నది ఉద్దేశం. ఒక్కటి వెళితే చాలదు. ఒక చోటి మీదుగా అది కొద్ది నిమిషాల్లోనే దాటిపోతుంది కాబట్టి ఒకదాని వెనుక ఒకటి పదుల సంఖ్యలో ఉండాలి. మన దేశంలో ఈ సేవలకోసం వొడాఫోన్ ఐడియా 2025 జూన్‌లో ఆ సంస్థతో చేయి కలిపినట్లు ప్రకటించింది. ప్రభుత్వ అనుమతులు, స్పెక్ట్రమ్ ధర, నెలకి ఎంత వసూలు చేస్తారన్న లెక్క... ఇవన్నీ దాని తరవాతి మెట్లు. ఆ పేరుతో 'ఉపగ్రహ సిమ్ము, ముందుగా బుక్ చేసుకోండి' అంటూ ఏదైనా లింకు వస్తే మాత్రం అది నింగి నుంచి వచ్చింది కాదని అర్థం.